ఐర్లాండు విచారణ క్లబ్బులు: క్రీడాకారుల మనోవేదన

యౌవనస్థుల మనోవేదనకు ఊరి ఆటస్థలము ఏ మేరకు ఆసరా కాగలదు? ఈ ప్రశ్నతో మేము ఐర్లాండు చరిత్రను పరిశీలించాము.

1884 నవంబరు 1న థర్ల్స్ పట్టణంలోని ఒక హోటలులో మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు, మరికొందరు కలిసి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. కాషెల్ అగ్రపీఠాధిపతి థామస్ క్రోక్ దాని తొలి పోషకులలో ఒకరు. విచారణకు (ఒక గురువు సంరక్షణలోని సంఘమును కతోలికులు ఈ పేరుతో పిలుస్తారు) ఒక క్లబ్బు అన్నది క్రమంగా వాడుక అయింది. ఆటగాడు తాను పుట్టి పెరిగిన విచారణ పక్షమున ఆడతాడు. జీతము లేదు. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఆదివారం ఎనభై వేలమంది ఎదుట ఆడినవాడు సోమవారం బడిలో పాఠం చెబుతాడు, లేదా పాలు పితుకుతాడు. గెలిచినా ఓడినా అవే ముఖాలు. ఇందులో ఆదరణ ఉంది, భయమూ ఉంది. జట్టులో చోటు పోతే ఊరిలో పేరు కూడా పోయినట్టే అనిపిస్తుంది.

అందుకే చాలామంది నోరు విప్పలేదు. ఆ మౌనములో సంఘమునకు పాలు లేదనలేము. 1917 నాటి కతోలిక ధర్మశాస్త్రము, బుద్ధిపూర్వకముగా ప్రాణము తీసుకొన్నవారికి క్రైస్తవ భూస్థాపనను నిరాకరించింది. 1983 నాటి శాస్త్రములో ఆ నిషేధము లేదు. ఐర్లాండు చట్టమైతే 1993 వరకు ఆత్మహత్యను నేరముగానే ఎంచింది. ఇక ఆ ఇంటివారు ఎవరితో చెప్పుకొంటారు? (సమాధి స్థలముల తగవులు ఎరిగిన మన కాపరులకు ఇది వింతగా తోచదు.)

2013లో, కార్క్ జట్టులో హర్లింగ్ ఆడిన కోనర్ క్యూసాక్ తన కృంగుదలను గూర్చి బహిరంగముగా వ్రాశాడు. అసోసియేషన్ ఆరోగ్యకర క్లబ్బుల పథకమును ఆరంభించినదీ ఆ ఏడే. క్లబ్బులలో ఆరోగ్య, సంక్షేమ బాధ్యులు ఏర్పడ్డారు. వీరు ఆ ఊరి స్వచ్ఛంద సేవకులే గాని వైద్యులు కారు. వినుట, తగిన సహాయము దొరకు చోటు చూపుట వీరి పని.

మా దృష్టిలో పథకము కంటె పాత అలవాటే బలమైనది. గాయపడి ఆడలేనివానికి కూడా క్లబ్బులో పని ఉంటుంది: పిల్లలకు నేర్పవచ్చు, మైదానములో గీతలు గీయవచ్చు. సాధన వారం వారం జరుగుతుంది గనుక రానివాడెవడో తెలిసిపోతుంది. రెండవ వారమూ రాకపోతే, తలుపు తట్టవలసిన ఇల్లు ఏదో అందరికీ తెలుసు.