ఏకయంత్ర బహుభోక్తృ విచారము

నంద్యాల జిల్లాయందు బనగానపల్లెకు సమీపమున, ఎఱ్ఱమల కొండల నడుమ యాగంటి క్షేత్రము వెలసియున్నది. అచ్చటి పుష్కరిణికి కొండమూలమునుండి యూరిన జలము నందిముఖమున జాలువారుచు ఏడాది పొడవున వచ్చుచుండును. పర్వదినములందు యాత్రికులెందఱు వచ్చినను, ఎవరి కోనేటిని వారు త్రవ్వుకొనవలసిన యగత్యము లేదు. ఒకే జలమున నొకరి వెనుక నొకరు స్నానమాడి పోవుదురు. అన్యుడు మునిగినందున తన స్నానఫలము తగ్గెనని యెవరును తలపరు.

ఇట్లొకమారు సిద్ధమైన పదార్థ మనేకుల కుపకరించుటను మీమాంసకులు తంత్రమనిరి. ప్రతిప్రయోజనమునకును వేర్వేఱుగ మరల మరల చేయుట ఆవాపము. జైమిని సూత్రములలో పదునొకండవ యధ్యాయ మీ భేదవిచారమునకై యేర్పడినది. నలుగురు భుజించుచోట నొక్క దీపము చాలుననుట లోకప్రసిద్ధమైన దృష్టాంతము. వైయాకరణులును ఒక్కమారుచ్చరించిన శబ్దమే రెండర్థములకు సాధకమగునపుడు దానిని తంత్రోచ్చారణమని వ్యవహరింతురు. కంప్యూటరును నడపు మూలవిధానమునకు, అనగా ఆపరేటింగ్ సిస్టమునకు, నేటి హిందీ పరిభాషలో ప్రచాలనతంత్రమని పేరు. ఆ పేరు పెట్టినవారి యభిప్రాయ మెట్టిదైనను, పెక్కుమంది కొక్క యంత్రమును పంచియిచ్చు విధానమునకు తంత్రశబ్దము శాస్త్రార్థమునగూడ చక్కగ నొప్పుచున్నది.

కంప్యూటరు పుట్టిన తొలిదినములలో దాని వెల యపారము. ఒక్కడు తెర యెదుట గూర్చుండి యాలోచించుచుండగా యంత్రమూరక పడియుండుట ధననష్టము. అందుచేత 1961 వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున కార్బటో మొదలగువారు కాలవిభాగపద్ధతిని ప్రదర్శించిరి. యంత్రమొక్కొక్కరి పనిని క్షణమాత్రము చేసి రెండవవాని పనికి మరలును. ఆ మార్పు మిక్కిలి శీఘ్రమగుటచే ప్రతివాడును యంత్రము తనదే యని తలచును. ఈ మార్గముననే మల్టిక్సు అను బృహత్తంత్రము ప్రారంభమయ్యెను. బెల్ ప్రయోగశాల 1969 లో దానినుండి విరమించుకొనెను. ఆ సంవత్సరమే యచ్చటి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యనువారు చిన్నయంత్రమునకు తగిన యూనిక్సు తంత్రమును మొదలిడిరి. 1973 లో దానిని సి యను భాషలో తిరుగవ్రాయుటచే ఒక యంత్రమునుండి వేఱొక యంత్రమునకు గొనిపోవుట సులభమయ్యెను.

ఇంతలో యంత్రముల వెల పడిపోజొచ్చెను. 1981 లో ఐబియం సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు తొలివెల 1,565 డాలర్లు. పేరునకు తగినట్లు అది యొక్కనికే యుద్దిష్టము. దానితో వచ్చిన డాస్ తంత్రమును ఏకభోక్తృకమే. ఇచ్చట నొక పూర్వపక్షము పుట్టుచున్నది: యంత్రము చౌకయైనప్పుడు ఎవరి యంత్రమును వారే కొనవచ్చును గదా, ఒక్కదానిని పంచుకొను తంత్రముతో నేమి పని?

దీనికి సమాధానము. యంత్రపుపెట్టె చౌకయైనను దాని పరివారము చౌక కాలేదు. ఐబియం 1983 లో వెలువరించిన ఎక్స్.టి. యంత్రములోని హార్డుడిస్కు 10 మెగాబైట్ల పరిమాణము గలది. నాడది గొప్ప సంపద. ముద్రణయంత్రముగూడ నట్టిదే. పదిమంది విద్యార్థులు గల కళాశాలకు పది డిస్కులును పది ముద్రణయంత్రములును కొనుటకంటె, ఒక్క మంచి యంత్రమునకు తెరయు కీబోర్డును మాత్రమే గల టెర్మినళ్ళను తీగలతో గూర్చుట యల్పవ్యయము. అంతేగాక ఒకే ఖాతాపుస్తకమును నలుగురు గుమాస్తాలు చూడవలసిన కార్యాలయమున నాలుగు వేర్వేఱు ప్రతులుండుట యనర్థహేతువు. కావున స్వల్పమూల్యమగు బహుభోక్తృతంత్ర మేది యను ప్రశ్న ఆ దశకమంతయు నిలిచియుండెను.

అభ్యర్థులు పలువురు వచ్చిరి. డిజిటల్ రీసర్చి సంస్థ 1979 లో ఎంపి/ఎం అను తంత్రమును వెలువరించెను. అది ఎనిమిది బిట్ల చిన్నయంత్రములపై గూడ పలువురిని గూర్చుండబెట్టినది. 1980 లో మైక్రోసాఫ్టు సంస్థ యూనిక్సు హక్కులను గైకొని, ఆ పేరు వాడుకొను నధికారము లేనందున, జెనిక్సు అను నామాంతరముతో ప్రకటించెను. ఆ సంవత్సరముననే షికాగోలోని మార్కు విలియమ్సు సంస్థ కోహెరెంటు అను తంత్రమును యూనిక్సు పోలికతో స్వతంత్రముగ నిర్మించెను. ఇది దొంగిలించిన పాఠమేమో యను శంక గలుగగా డెనిస్ రిచీయే పరీక్షించి, యది ప్రతిలిపి కాదని నిర్ధారణ చేసెను. పాఠపరిష్కర్తలు రెండు తాళపత్రప్రతుల స్ఖాలిత్యములను పోల్చి మాతృక యేదో నిర్ణయించునట్లే, ఆయనయు యూనిక్సునకే ప్రత్యేకములైన లక్షణము లందున్నవా యని వెదకెను.

కొనువాడు వెలను మాత్రమే చూచిన మోసపోవుటకు కారణమొకటి కలదు. ఐబియం తొలియంత్రములోని 8088 అను ప్రాసెసరునందు రక్షణభిత్తి లేదు. అనగా ఒకని కార్యక్రమము పొరపాటున వేఱొకని స్మృతిభాగమున వ్రాసినను, తంత్రముయొక్క స్వస్థానముననే వ్రాసినను, అడ్డుకొనువారు లేరు. ఒకడు చేసిన తప్పునకు పదిమంది పని నశించును. ఇంటెల్ సంస్థ 1982 లో చేసిన 80286 నందు ఈ రక్షణ మేర్పడెను. 1985 లో చేసిన 80386 నందు స్మృతిని పుటలుగ విభజించు విధానమును చేరి రక్షణ పరిపూర్ణమయ్యెను. కావున తంత్రము చౌకయైనను, దానిని భరింపజాలని యంత్రముపై నుంచినచో బహుభోక్తృత్వము పేరునకు మాత్రమే మిగులును. తొలిదశలో పెక్కుమంది కలిగిన యసంతృప్తికి తంత్రదోషముకంటె నీ యంత్రదోషమే మూలము.

ఇంతకంటె గంభీరమైన దింకొక విషయము కలదు, అది పాఠమునుగూర్చినది. 1956 నాటి న్యాయస్థాననిర్ణయముచే ఏటీ అండ్ టీ సంస్థ కంప్యూటరు వ్యాపారమున దిగరాదు. అందుచే విశ్వవిద్యాలయములకు యూనిక్సు మూలపాఠమును స్వల్పమూల్యమున కిచ్చెను. వాణిజ్యసంస్థలకు మాత్రము 20,000 డాలర్లు. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్సు విశ్వవిద్యాలయాధ్యాపకుడగు జాన్ లయన్సు ఆఱవకూర్పు మూలపాఠమునకు పంక్తిసంఖ్య లిడి, 1977 నాటికి విద్యార్థులకై విపులమగు వ్యాఖ్యానము రచించెను. ఆ మూలము సుమారు తొమ్మిదివేల పంక్తులు. పాణినీయము సుమారు నాలుగువేల సూత్రములు. ఒక విద్యార్థి యొక జీవితమున నామూలాగ్రముగ నధ్యయనము చేయదగిన పరిమాణమే రెండును.

కాని 1979 నాటి ఏడవకూర్పు అనుమతిపత్రము మూలపాఠమును తరగతిలో బోధించుటను నిషేధించెను. వ్యాఖ్యానప్రచారమును నిరోధింపబడెను. నాటినుండి లయన్సు గ్రంథము ఛాయాప్రతులుగ, ఆ ప్రతులకు ప్రతులుగ, చేతులు మారుచు దేశదేశముల వ్యాపించెను. కడపలో సి. పి. బ్రౌను పండితులను నియమించి తెనుగు కావ్యముల తాళపత్రములకు ప్రతులు వ్రాయించి, పాఠభేదములు పరిష్కరింపించి, వ్యాఖ్యలు చేయించినది లోకవిదితము. వ్యాఖ్య లేనిదే మూలము చేతనుండియు లేనట్లే యని యాయన గ్రహించెను. లయన్సు చేసినదియు నట్టి పనియే. భేదమొక్కటి: బ్రౌను కాలమున ప్రతులకు శత్రువులు చెదలును అశ్రద్ధయును, లయన్సు కాలమున శత్రువు అనుమతిపత్రము.

ఈ నిషేధమే చౌకతంత్రముల చరిత్రను మలుపు త్రిప్పినది. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఆండ్రూ టానెన్‌బామ్ అను నధ్యాపకుడు యూనిక్సు పాఠమును బోధింప వీలులేక, దాని పంక్తి యొక్కటియు గ్రహింపక, మినిక్సు అను నూతనతంత్రమును రచించి 1987 లో పాఠ్యగ్రంథముతో గూడ ప్రకటించెను. మూలము సుమారు 12,000 పంక్తులు; ఫ్లాపీల వెల 69 డాలర్లు. 8088 యంత్రముపై గూడ నది నడచెను. కోహెరెంటు 1990 ప్రాంతమున 99.95 డాలర్లకే లభించెను. 80286 పై నడచుచు పలువురికి టెర్మినళ్ళ నొసగెను. కాని యాకూర్పునందలి కార్యక్రమమునకు సూచనలకు 64 కిలోబైట్లు, సామగ్రికి 64 కిలోబైట్లు దాటరాదను నిర్బంధముండెను. మూలపాఠము కొనువానికి లభింపదు. మినిక్సునందు మూలము లభించినను దానిని మార్చి స్వేచ్ఛగ పంచుటకు ప్రకాశకు లొప్పుకొనలేదు. ఒకదానియందు పని కలదు, పాఠము లేదు. రెండవదానియందు పాఠము కలదు, పంచు నధికారము లేదు.

ఈ రెండు లోపములను తీర్చినది ఫిన్లాండు దేశపు విద్యార్థి. లైనస్ టోర్వాల్డ్సు 1991 లో 80386 యంత్రమును కొని, దానిపై మినిక్సును నడపి, తృప్తిచెందక లినక్సును మొదలిడెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో వెలువడిన తొలికూర్పు పదివేల పంక్తులకు కొంచె మధికము. మొదట ధనము గైకొని పంచరాదను నియమ ముండెను. 1992 లో దానిని విడిచి, రిచర్డు స్టాల్‌మన్ 1983 లో ప్రకటించిన గ్నూ సంకల్పమునుండి పుట్టిన సార్వజనికానుమతిపత్రమును స్వీకరించెను. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. పంచునపుడు గ్రహీతకును ఆ హక్కులనే యీయవలెను. రక్షణభిత్తి గల యంత్రమును, చదువదగిన మూలమును, పంచదగిన యనుమతియు ఒక్కచోట గూడుట అదియే మొదలు.

భారతదేశమున నీ ప్రశ్న మఱింత తీవ్రముగ నుండెను. 1978 లో ఐబియం ఇచ్చటి వ్యాపారమును చాలించుకొనెను. హైదరాబాదులో 1967 లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969 లోనే టి.డి.సి. 12 అను కంప్యూటరును నిర్మించియుండినను, యంత్రములు దుర్లభములే. 1983 లో బ్యాంకుల యాజమాన్యములకును ఉద్యోగసంఘములకును యంత్రవినియోగమునుగూర్చి యొప్పందము కుదిరెను. 1984 లో రంగరాజన్ సంఘము నివేదిక సమర్పించెను. ఆ పిమ్మట బ్యాంకులు కొన్న యంత్రములలో యూనిక్సునకు ప్రముఖస్థానము లభించెను. ఒక్క యంత్రము చుట్టును పెక్కు టెర్మినళ్ళు గల యేర్పాటు ధనము చాలని దేశమునకు సహజముగ సరిపోయినది. కాని యందలి మూలపాఠము గుమాస్తాకుగాని, విద్యార్థికిగాని గోచరము కాలేదు. తెలుగక్షరము దానిలో జొప్పించుట వారి చేతిపని కాలేదు. లినక్సు వచ్చిన పిమ్మట నాద్వారము తెఱచుకొనెను. హైదరాబాదులో 2005 లో మొదలైన స్వేచ్ఛ యను సంస్థ లినక్సును తెలుగులో నందించుటకు పూనుకొనెను. 2007 లో కేంద్రప్రభుత్వ పరిశోధనసంస్థయగు సీడాక్ బాస్ అను లినక్సుకూర్పును వెలువరించెను.

కాబట్టి ఇట్లు సిద్ధాంతింపవలసియున్నది. స్వల్పమూల్యత మూడు విధములు. యంత్రము చౌకయగుట మొదటిది. తంత్రము చౌకయగుట రెండవది. పాఠము చదువుటకు వెల లేకుండుట మూడవది. మొదటి రెంటిని చూచి కొన్నవారు కొంతకాలమునకు మరల కొనవలసివచ్చెను. కోహెరెంటును నమ్మినవారికి, 1995 లో మార్కు విలియమ్సు సంస్థ మూతపడినపుడు, యంత్రమున్నను తంత్రమును దిద్దువారు లేకపోయిరి. మూలము చేతనున్నవారి కట్టి వైధవ్యము లేదు.

లయన్సు వ్యాఖ్యానమునకు 1996 లో ముద్రణానుమతి లభించెను. ఆయన 1998 లో కీర్తిశేషుడయ్యెను. బోధింపరాదని నిషేధింపబడిన ఏడవకూర్పు మూలపాఠమునే 2002 జనవరిలో హక్కుదారులగు కాల్డెరా సంస్థవారు లోకమునకు విడిచిరి. ఒకప్పుడు వాణిజ్యసంస్థలు 20,000 డాలర్లిచ్చి కొన్న మూలపు వంశమునకు చెందిన పాఠమును నేడు నంద్యాల విద్యార్థి యెవని యనుమతియు నడుగక చదువవచ్చును. యాగంటి కోనేటికి వచ్చు యాత్రికుని జలమునకు వెల యడుగువా రెవరును లేరు. ఆ పాఠమునకును నేడట్టి స్థితియే కలిగినది.