ఢోలక్‌పూర్ భీముడూ, కోయల భీముడూ

ఛోటా భీమ్ ఉత్తరాది కార్టూన్ అనుకునే తెలుగువాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఊరు ఢోలక్‌పూర్, స్నేహితులు చుట్కీ, కాలియా అయ్యేసరికి అలా అనిపించడం సహజమే. కానీ అది పుట్టింది హైదరాబాదులో. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తీసిన ఈ సీరీస్ 2008లో పోగో ఛానల్లో మొదలైంది.

ఏ ఎపిసోడ్ తీసుకున్నా ఎక్కడెక్కడి సంగతులో తగులుతాయి. లడ్డూల కొట్టు నడిపే టున్‌టున్ మౌసిని చూడగానే పాత హిందీ హాస్యనటి టున్‌టున్ గుర్తొస్తుంది. రాజుగారి పేరు ఇంద్రవర్మ. కళింగాన్ని ఏలిన తూర్పు గంగుల్లో ఆ పేరున్న రాజులు ఉన్నారు. దెబ్బలు తిన్న భీమ్ లడ్డూ నోట్లో పడగానే విజృంభించడం పొపాయ్ పాలకూర పద్ధతే.

నాకు మాత్రం ఆ లడ్డూ చూస్తే ముందు ఎస్వీ రంగారావు గుర్తొస్తాడు. 1957 నాటి ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. ఆ ఆకలి భీముడిది. బకాసురుడి కోసం బండెడు అన్నం తీసుకెళ్ళి, వాడి ఎదుటే కూర్చుని తిన్నవాడు భీముడు. ఘటోత్కచుడికి తండ్రి నుంచి ఆకలి వస్తే, తల్లి హిడింబి నుంచి అడవి వచ్చింది. కార్టూన్ ఆకలిని, బలాన్ని ఉంచుకుని హిడింబిని వదిలేసింది. పిల్లల కథకి పెళ్ళి ఎందుకు అంటే ఒప్పుకోవచ్చు. కానీ అక్కడ వదిలేసిన దానికి మన నేల మీద ఒక చరిత్ర ఉంది.

హిడింబి కథ ఆదిపర్వంలోది. దాన్ని నన్నయ తెలుగు చేసింది పదకొండో శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి రాజమహేంద్రవరంలో. అక్కడినుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు వెళితే మారేడుమిల్లి. ఆ ఘాట్ దాటి చింతూరు, భద్రాచలం వైపు దిగితే కోయ పల్లెలు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ పంతొమ్మిదో శతాబ్దంలో కోయలు చెప్పుకునే కథ ఒకటి రాసిపెట్టాడు. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో కూడా అది ఉంది. వనవాసంలో భీముడు వేటకు వెళ్ళి, అడవిలో ఒక స్త్రీని చూసి మనసుపడి పెళ్ళాడాడు. వాళ్ళ సంతానమే కోయలు. నన్నయ కథలో ఆమె రాక్షసి. ఈ కథలో ఆమె ఒక జాతికి తల్లి, భీముడు వంశానికి మూలపురుషుడు.

ఒకే గోదావరి సీమలో ఒకే భీముడికి రెండు కథలు ఉన్నాయన్నమాట. రాజాస్థానపు కథ కావ్యమై, సినిమా అయి, పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. కొండ కథ మన చేతికి అందింది ఒక మిషనరీ ఇంగ్లీషులో.

ఢోలక్‌పూర్‌లో మంగళ్ సింగ్ లాంటి బందిపోట్లకు అడవే స్థావరం. భీమ్ వాళ్ళని తరిమి ఊళ్ళోకి తిరిగొస్తాడు. తెలుగు డబ్బింగులో ఈ భీమ్ మన్యంలోని టీవీల్లోకీ వెళ్ళాడు. ముత్తాతల ముత్తాతగా ఇంట్లో వినాల్సిన పేరుని అక్కడి పిల్లలు ఊరివాళ్ళ వైపు నిలబడిన వస్తాదుగా ముందు చూస్తే, పోయేది చిన్న ట్రివియా కాదు, వాళ్ళ బంధుత్వం. హైదరాబాదు స్టూడియోకి చింతూరు అంత దూరమేమీ కాదు. భీమ్ అడవిలోకి అత్తారింటికి వెళ్ళినట్టు వెళ్ళే ఎపిసోడ్ ఒక్కటి తీసినా, లడ్డూలు ఎలాగూ ఉంటాయి, నవ్వుకేం లోటుండదు.