వాహన బ్యాటరీతో నడిచే పనిముట్లు

టైర్లకు గాలి కొట్టే పంపు, సోల్డరింగ్ ఐరన్, చేతి దీపం వంటి అల్ప వోల్టేజి పనిముట్లను వాహనంలోని విద్యుత్తుతో నేరుగా నడపవచ్చును.

విద్యుత్తు మూలం

సాధారణంగా కార్లలో 12 వోల్టుల సీసపు-ఆమ్ల బ్యాటరీ ఉంటుంది. దానిలోని 6 ఘటాలు ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు ఇస్తాయి. ఇంజను నడుస్తున్నపుడు ఆల్టర్నేటరు వలన వోల్టేజి దాదాపు 14కు చేరుతుంది. పెద్ద లారీలు, బస్సులలో సాధారణంగా 24 వోల్టులు ఉంటాయి. 12 వోల్టుల పనిముట్టును వాటికి నేరుగా కలిపితే కాలిపోవచ్చును.

విద్యుత్ప్రవాహం

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 120 వాట్ల పంపు 230 వోల్టుల వద్ద సుమారు అర ఆంపియరు, 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసుకుంటుంది. అందువలన ఇక్కడ తీగ లావుగా, పొట్టిగా ఉండాలి. తీగ నిరోధం 0.1 ఓము ఉన్నా, 10 ఆంపియర్ల వద్ద 1 వోల్టు తగ్గి, 10 వాట్లు వేడిగా మారతాయి. డాష్‌బోర్డు సాకెట్టు ఫ్యూజు సాధారణంగా 10 నుండి 20 ఆంపియర్లది. అంతకు మించిన పనిముట్లను తగిన తీగతో, విడి ఫ్యూజుతో బ్యాటరీకే కలపాలి.

జాగ్రత్తలు

* ఫ్యూజును బ్యాటరీ ధన ధ్రువానికి వీలైనంత దగ్గరగా అమర్చాలి. కాలిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజు గాని, తీగముక్క గాని పెడితే, తరువాత కాలేది వాహనంలోని తీగలే.
* ఇంజను ఆపి ఎక్కువసేపు వాడరాదు. ఈ బ్యాటరీ స్టార్టరుకు కొద్ది సెకన్లపాటు అధిక విద్యుత్తు ఇవ్వడానికి తయారైనది. పూర్తిగా ఖాళీ అయిపోయి అలాగే ఉంటే ఫలకాలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, దాని సామర్థ్యం తగ్గుతుంది.
* మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.
* ఛార్జి అవుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది. దాని దగ్గర నిప్పురవ్వలు రానీయరాదు.

ఇవి కూడా చూడండి

* ఓం నియమము
* ఆల్టర్నేటరు