ప్రశ్నార్థకము, రెండు చుక్కలు

ఒకే కథకు విషాదాంతమొకటి, సుఖాంతమొకటి చొప్పున రెండు క్లైమాక్సులు చిత్రీకరించి, పిమ్మట అందొకదానిని మాత్రమే ప్రేక్షకులకు జూపి రెండవదానిని డబ్బాలో మూసిపెట్టుట యెంతటి వ్యయమో, ఫిలింనగర్‌లోని రామానాయుడు స్టూడియోలో ఒక్క దినమైనను ఫ్లోరు అద్దె చెల్లించిన నిర్మాతకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ చిత్రములకే మనము సెల్‌ఫోనులో టిక్కెట్లు కొనునప్పుడు తెరవెనుక నడచు జావాస్క్రిప్ట్ భాషలోని సంక్షిప్త షరతులు కూడ ఇట్టి వృథావ్యయమును తప్పింపవలెనను తలంపునుండియే పుట్టినవని తెలిసిననాడు నాకు గలిగిన సంతోషము ఇంతంత గాదు.

1957-58 సంవత్సరములలో ఎం.ఐ.టి.యందు జాన్ మెకార్తీ, ఐ.బి.ఎం. 704 యంత్రముపై ఫోర్ట్రాన్ భాషలో, చదరంగమున చెల్లుబాటగు ఎత్తులను నిర్ణయించు ప్రోగ్రాము వ్రాయుచుండెను. ఆనాటి ఫోర్ట్రాన్‌లో షరతనగా, ఫలితమునుబట్టి ఫలానా పంక్తికి పొమ్మను ఆజ్ఞ మాత్రమే. దానికొక విలువ లేదు. అందుచే ఆయన, మొదట షరతును, పిదప అది నిజమైనచో రావలసిన విలువను, కానిచో రావలసిన విలువను గ్రహించు చిన్న ఫంక్షను నొకదానిని కల్పించుకొనెను. ఐనను ఫంక్షనులోనికి ప్రవేశించుటకు మునుపే యంత్రము ఆ రెండు విలువలను గణించి తీరుచుండెను, అనగా క్లైమాక్సులు రెండును తీసిన తరువాతనే ఎంపిక జరుగుచుండెను. తన్ను తానే పిలుచుకొను నిర్వచనములలో నైతే అక్కరలేని ఆ గణన యెన్నటికిని ముగియకపోవచ్చును. ముందుగా షరతును పరీక్షించి, అవసరమైన పక్షమును మాత్రమే గణించు నిజమైన షరతు వ్యక్తీకరణ ఈ చిక్కునుండి ఆవిర్భవించి, లిస్ప్ భాషలోను, ఆల్గాల్ 60లోను స్థానము సంపాదించెను.

ఈ మెకార్తీ శిష్యులలో మనవారొకరు కలరు. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు, స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పర్యవేక్షణముననే 1966లో డాక్టరేటు పొంది, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనిరి. ఫిలింనగర్‌కు పడమట గచ్చిబౌలిలో 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీ పాలకమండలికి అధ్యక్షత వహించిరి. ఆ ప్రాంగణమున షరతులు వ్రాయ నేర్చుకొను విద్యార్థికి ఈ గురుపరంపర తెలియవలెనని నా గాఢమైన కోరిక.

తరువాతి కథ వేగముగ సాగినది. బాణపు గుర్తుతో సీపీఎల్, బీసీపీఎల్ భాషలలో నిలిచిన ఆ వ్యక్తీకరణ, బెల్ పరిశోధనాలయమున కెన్ థాంప్సన్ రూపొందించిన బీ భాషలో ప్రశ్నార్థకమును రెండు చుక్కలను ధరించి, డెన్నిస్ రిచీ సీ భాషకును, అచటినుండి జావాకును సంక్రమించి, 1995 మే నెలలో నెట్‌స్కేప్‌యందు బ్రెండన్ ఐక్ పదిదినములలో నిర్మించిన జావాస్క్రిప్ట్‌ను చేరెను. ఆ భాషలో చరరాశులకు తెలుగు పేర్లు కూడ చెల్లును గనుక ఇట్లు వ్రాయవచ్చును:

సీట్లు > 0 ? "ఉన్నవి" : "హౌస్‌ఫుల్"

మూడు అంగములు గలది గనుక దీనికి టెర్నరీ యని పేరు. ఒకదానిలో నొకటి దూర్చినచో వ్రాసినవానికే దురవగాహమగును. అచట సంక్షిప్తతకన్న స్పష్టతయే మేలు.

&&, || అను జంటగుర్తులును ఈ కుదురులోనివే: ఎడమపక్షముతోనే ఫలితము తేలినచో కుడిపక్షము గణింపబడదు. ఐతే జావాస్క్రిప్ట్‌లో ఇవి నిజము, అబద్ధము అని చెప్పి యూరకుండక, తేలినచోటి విలువనే తిరిగి యిచ్చును. ఈ సౌకర్యముచేత, విలువ లేనిచో ప్రత్యామ్నాయమును చూపుటకై

సీట్లు || "వివరము అందలేదు"

అని వ్రాయు అలవాటు చిరకాలము ప్రబలెను. ఇందొక ప్రమాదము పొంచియున్నది. సున్నను, ఖాళీ పదమును కూడ ఆ భాష అబద్ధముగా పరిగణించును గనుక, శుక్రవారము మార్నింగ్ షోకు చివరి టిక్కెట్టు తెగి సీట్లు సున్నయైన క్షణముననే, తెరపై "వివరము అందలేదు" అని కనబడును. 2020 నాటి ప్రమాణమున చేరిన ?? అను గుర్తు ఈ లోపమును సవరించినది. విలువ లేదని సూచించు నల్ (null) ఉన్నపుడు లేదా విలువ అసలు నిర్వచింపబడనపుడు మాత్రమే అది కుడివైపునకు పోవును. || ఉన్నచోట ?? పెట్టినంతనే సున్న సున్నగనే నిలుచును, హాలు ముంగిట హౌస్‌ఫుల్ బోర్డును నిశ్చింతగా వ్రేలాడదీయవచ్చును.