సెయింట్ లాంబర్ట్ తల్లులు చేసిన పని

1963 అక్టోబరులో, కెనడాలో మాంట్రియల్‌కి ఎదురొడ్డున ఉన్న సెయింట్ లాంబర్ట్ అనే చిన్న ఊళ్ళో పన్నెండుమంది తల్లిదండ్రులు ఒకరింట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. అందరూ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే. వాళ్ళుండే క్విబెక్ రాష్ట్రంలో మాత్రం అయిదుగురిలో నలుగురిది ఫ్రెంచి. బళ్ళు మతాన్నిబట్టి విడిపోయి ఉండేవి. ఫ్రెంచి పిల్లలు చాలావరకు కేథలిక్ బోర్డు బళ్ళకి, ఇంగ్లీషు పిల్లలు ఎక్కువగా ప్రొటెస్టెంటు బోర్డు బళ్ళకి వెళ్ళేవారు. ఇంగ్లీషు బళ్ళో ఏళ్ళ తరబడి ఫ్రెంచి పాఠాలు వల్లెవేసిన పిల్లవాడు, ఊళ్ళో కొట్టుకెళ్ళి రొట్టె అడగడానికి తడబడేవాడు.

నేను కోనసీమ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినదాన్ని. ఆ పిల్లవాణ్ణి నాకెవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. పదో తరగతిలో వ్యాసం పొల్లుపోకుండా రాసి మంచి మార్కులు తెచ్చుకున్న మా పిల్లలే, నలుగురిలో ఇంగ్లీషులో ఒక మాట అడగమంటే నీళ్ళు నమిలేవారు. తప్పు పిల్లలది కాదు. భాషని మేం లెక్కల సూత్రంలా చెప్పాం. అందుకే కెనడాలోని బ్రాంప్టన్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చి, మనవరాల్ని ఫ్రెంచి ఇమ్మర్షన్ తరగతిలో, అంటే పాఠాలే ఫ్రెంచిలో చెప్పే తరగతిలో వేశారని విన్నప్పుడు, ఆ చదువు ఎక్కడ పుట్టిందో చదివి తెలుసుకున్నాను.

పుట్టింది ఆ సెయింట్ లాంబర్ట్‌లోనే. ఓల్గా మెలికాఫ్, మ్యూరియల్ పార్క్స్, వాలరీ నీల్ అనే ముగ్గురు తల్లులు ముందు నిలబడ్డారు. వాళ్ళడిగింది ఒకటే: మా పిల్లలకి ఫ్రెంచిని ఒక పాఠంగా చెప్పొద్దు, పాఠాలన్నీ ఫ్రెంచిలో చెప్పండి. స్కూలు బోర్డు ఒప్పుకోలేదు. చిన్నపిల్లల బుర్ర రెండు భాషలకి తట్టుకోలేదన్న భయం అప్పట్లో చదువుకున్నవాళ్ళలోనే గట్టిగా ఉండేది. దానికో కారణం ఉంది. 1923లో సేయర్ అనే ఆయన వేల్స్‌లో పిల్లలకి తెలివితేటల పరీక్షలు పెట్టి, పల్లెల్లో రెండు భాషలవాళ్ళు వెనకబడ్డారని తేల్చాడు. వాళ్ళు పల్లెపిల్లలు కావడంవల్ల, పేదరికంవల్ల వచ్చిన తేడా ఎంతో ఆయన సరిగా విడదీయలేదు. ఆ లోపం ఉన్న తీర్పే దశాబ్దాలపాటు టీచర్ల నోళ్ళలో నానింది. 1962లో మాంట్రియల్‌లోనే, మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు వాలెస్ లాంబర్ట్, ఎలిజబెత్ పీల్ కలిసి పదేళ్ళ పిల్లల్ని, ఆర్థికస్థితి ఒకేలా ఉన్నవాళ్ళని ఏరి పరీక్షిస్తే, రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళే ముందున్నారు. ఊరి పేరూ ఆయన పేరూ కలవడం కాకతాళీయమే.

తల్లులు ఆ లాంబర్ట్ దగ్గరికే వెళ్ళారు. మెదడు శస్త్రవైద్యంలో పేరుమోసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గరికీ వెళ్ళారు. చిన్న వయసులో భాష సులువుగా పట్టుబడుతుందని ఆయన అప్పటికే రాసి ఉన్నాడు. బోర్డు కాదన్న రోజుల్లో ఊరికే కూర్చోకుండా, బడి అయ్యాక సొంతంగా ఫ్రెంచి తరగతులు పెట్టుకున్నారు. చివరికి 1965 సెప్టెంబరులో ఒక్క కిండర్‌గార్టెన్ తరగతికి, ప్రయోగంగా, అనుమతి వచ్చింది. చేరినవాళ్ళు 26 మంది.

ఆ తరగతి నడిచిన తీరు టీచరుగా నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. టీచరు మొదటి రోజునుంచీ ఫ్రెంచే మాట్లాడేది. పిల్లలు మాత్రం ఇంగ్లీషులో జవాబు చెప్పుకోవచ్చు, తమలో తాము ఇంగ్లీషులో కబుర్లాడుకోవచ్చు. ఎవరూ కసురుకోరు. పాటలు, ఆటలు, బొమ్మలు, కోటు విప్పడం, తొడగడం, అన్నీ ఫ్రెంచిలో వింటూ చేసేవాళ్ళు. ఒకటో తరగతిలో అక్షరాలూ చదవడమూ ఫ్రెంచిలోనే నేర్పారు. ఇంగ్లీషు చదవడం, రాయడం రెండో తరగతిలో రోజుకి కొంతసేపు మొదలుపెట్టి, పై తరగతులకి వెళ్ళేకొద్దీ పెంచారు. లాంబర్ట్, రిచర్డ్ టకర్ ఆ పిల్లల్ని ఏటేటా పరీక్షించి 1972లో పుస్తకం వేశారు. మొదట్లో ఇంగ్లీషు చదవడంలో వాళ్ళు వెనకపడ్డారు. ఇంగ్లీషు పాఠం మొదలయ్యాక అందుకున్నారు. లెక్కల్లో నష్టం లేదు. ఫ్రెంచి మామూలు పాఠంగా నేర్చుకున్నవాళ్ళు వీళ్ళ దరిదాపుల్లోకి రాలేదు. అయినా ఫ్రెంచి ఇళ్ళలో పుట్టిన పిల్లల్లా వీళ్ళకి మాట రాలేదు. వినడం బాగా వచ్చింది, మాట్లాడేటప్పుడు వ్యాకరణం తప్పేది. ఆడుకునే తోటి ఫ్రెంచి పిల్లలు లేకపోతే అంతే మరి. ఇవాళ కెనడాలో నాలుగు లక్షలకు పైగా పిల్లలు ఇలాంటి తరగతుల్లో చదువుతున్నారు.

ఆ తల్లుల్ని ఆదర్శమొక్కటే నడిపించిందని నేననను. 1960 తర్వాత క్విబెక్‌లో ఫ్రెంచివాళ్ళు తమ హక్కులకోసం లేచారు. రేపు ఉద్యోగం కావాలంటే ఫ్రెంచి రావాలన్న లెక్క ఇంగ్లీషు ఇళ్ళకి అర్థమైంది. భాష వెనక కూడు ఉంటుంది. మా కాకినాడకి ముప్ఫై కిలోమీటర్ల లోపున్న యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉంది. భారత్, ఫ్రాన్సుల 1956 ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు వేరేగా నిర్ణయించేదాకా ఫ్రెంచే అధికార భాషగా ఉంటుందని రాశారు. అప్పటికే వచ్చిన ఫ్రెంచి పట్టాలు భారతదేశంలో చదువులకీ ఉద్యోగాలకీ చెల్లుతాయనీ రాశారు. కాగితం మీద అంత రక్షణ ఉన్నా, కొలువులు ఇంగ్లీషు చుట్టూ తిరిగేసరికి యానాం పిల్లలు ఇంగ్లీషు వైపే వెళ్ళారు.

ఈ చరిత్రకి ఇంకో ముఖం ఉంది. ఫ్రాన్సులోనే బ్రెటన్ భాష మాట్లాడే పిల్లల్ని ఫ్రెంచి బళ్ళో వేసినప్పుడు, నోరుజారి బ్రెటన్ మాట్లాడినవాడి చేతికి ఒక చెక్కముక్కో పాత చెక్క చెప్పో ఇచ్చేవారు. వాడు ఇంకొకణ్ణి పట్టిచ్చేదాకా అది వాడిదే. సాయంత్రం ఎవరి దగ్గర మిగిలితే వాడికి శిక్ష. వేల్స్‌లో ఇంగ్లీషు నేర్పడానికి ఇదే పద్ధతి: రెండక్షరాలు చెక్కిన పలక వెల్ష్ పిల్లల మెడలో వేలాడేది. అది మెడలో వేయించుకున్న ఓవెన్ ఎడ్వర్డ్స్ అనే పిల్లవాడు పెద్దయి, 1907లో వేల్స్ బళ్ళకి మొదటి ప్రధాన ఇన్‌స్పెక్టరయ్యాడు. వెల్ష్‌ని బళ్ళోకి తెచ్చేందుకు పాటుపడ్డాడు.

ఇది పరాయి దేశాల పాతకథ అనుకోవద్దు. 2009లో మన కడప జిల్లాలో ఒక ఇంగ్లీషు మీడియం బళ్ళో, తెలుగు మాట్లాడినందుకు పసిపిల్లల మెడలో పలకలు వేసి నిలబెట్టారు. పత్రికల్లో ఆ ఫోటో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

సెయింట్ లాంబర్ట్‌లో కొత్త భాష వచ్చినా ఇంటి భాష చిన్నబోలేదు. ఊళ్ళో, ఇంట్లో, టీవీలో ఇంగ్లీషు బలంగా ఉంది, రెండో తరగతిలో బడే దాన్ని చేతికందించింది. లాంబర్ట్ ఈ తేడాని తర్వాత స్పష్టంగా చెప్పాడు: ఇంటి భాష నిలిచి ఉండగా రెండోది చేరితే లాభం, ఇంటి భాషని తోసేసి రెండోది కూర్చుంటే నష్టం. మా మనవరాలి సంగతే చూడండి. బడిలో ఫ్రెంచి, వీధిలో ఇంగ్లీషు, తెలుగుకి మిగిలింది మా ఇల్లొక్కటే. "అమ్మమ్మా, ఈ కథ తెలుగులో చెప్పు" అని తను అడిగే రాత్రులు నాకు పని ఉన్నట్టు. ఆదివారం తెలుగు నేర్పే మనబడి తరగతికి పంపిస్తున్నాం. గుణింతాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి.

చదువులో తెలుగుకి చోటెంతన్న ప్రశ్న మన దగ్గరా ఉంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి ఆరు తరగతులకి ఇంగ్లీషు మాధ్యమం ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. వాదన ఇంకా ఆగలేదు, ఆగదు కూడా. ఇంగ్లీషు కావాలన్న పేద తల్లిదండ్రుల కోరికని నేను తప్పు పట్టను. వాళ్ళకి నేనొక్కటే చెప్తాను. ఈసారి బడికి వెళ్ళినప్పుడు ఫీజు, బస్సు సంగతులతోపాటు ఇంకో మూడు అడగండి: తెలుగు పీరియడు రోజుకి ఎంతసేపు, చెప్పే టీచరెవరు, తెలుగులో మాట్లాడిన పిల్లని మీరేం చేస్తారు? మూడోదానికి సూటిగా జవాబు చెప్పని బళ్ళో మాత్రం చేర్చకండి.