చదరంగ ఇంజన్లతో స్థితి విశ్లేషణ

చదరంగ ఇంజను అనగా ఎత్తులను లెక్కించి, పటముపై స్థితికి విలువ కట్టే కంప్యూటరు ప్రోగ్రాము. స్టాక్‌ఫిష్ వీటిలో ప్రసిద్ధమైనది. కీలక స్థితులను ఆట ముగిసిన పిమ్మట పరీక్షించుటకు దీనిని వాడుతారు. ఆట మధ్యలో ఆటగాళ్ళు దీని సహాయం పొందడం నిషిద్ధం.

పనిచేయు విధానం

ఇంజను సాధ్యమైన ఎత్తులను, వాటికి జవాబులను చెట్టు కొమ్మల వలె విస్తరించి, నిరుపయోగమైన కొమ్మలను విడిచిపెడుతుంది. విలువను బంటు ప్రమాణంగా చూపుతుంది; సున్నా అనగా సమస్థితి. రాజులతో కలిపి ఏడు పావులకు మించని స్థితులకు ముందే లెక్కించిన పట్టికలు కచ్చితమైన ఫలితాన్ని తెలుపుతాయి.

ఉదాహరణ

2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆటలో, చెన్నైలోని తెలుగు కుటుంబానికి చెందిన దొమ్మరాజు గుకేశ్ నల్ల పావులతో డింగ్ లిరెన్‌ను ఎదుర్కొన్నాడు. గుకేశ్‌కు ఒక బంటు అధికంగా ఉన్నప్పటికీ ఇంజన్లు స్థితిని సమంగానే చూపాయి. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ను ఎఫ్2 గడికి జరిపాడు. రూక్‌ల మార్పిడి తరువాత గుకేశ్ బిషప్‌ను డి5లో నిలిపాడు. ఏ8 మూలనున్న తెల్ల బిషప్‌కు మార్పిడిని తప్పించుకొనే దారి లేదు. మిగిలిన రాజులు, బంట్ల ఆటలో నల్లవారి గెలుపు నిశ్చితం. డింగ్ 58వ ఎత్తు వద్ద ఓటమి అంగీకరించగా, గుకేశ్ 7.5–6.5తో 18 ఏళ్ళ వయసులో ప్రపంచ విజేత అయ్యాడు. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ ఆయన సహాయక బృందంలో ఒకరు.

పరిమితులు

సున్నా అనే విలువ, ఇరువైపులా సరియైన ఎత్తులు వేసినచో ఆట సమానమని మాత్రమే తెలుపుతుంది. అలసిన ఆటగాడికి ఆ ఎత్తులు కనుగొనుట ఎంత కష్టమో తెలుపదు.