కొరంగాడు: కంచె లోపలి పచ్చిక

కొంగునాడు తెలుగోళ్ళం మేము. నాయకరాజుల కాలంలో ఇటు దిగామని మా పెద్దల మాట. ఇక్కడికొచ్చాక నేర్చుకున్న మాటల్లో ‘కొరంగాడు’ ఒకటి.

కాంగేయం, ధారాపురం, మూలనూరు వైపు గులకరాళ్ళ నేల. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అక్కడి రైతులు సొంత పట్టా భూమినే పచ్చికగా వదిలి, ముళ్ళకిళువై కొమ్మలు నాటి కంచెలు పెంచి, చెక్కలుగా విడదీశారు. లోపల కొళుక్కట్టై గడ్డి, నడుమ తెల్లతుమ్మ చెట్లు.

మంద ఒక చెక్క మేసి పక్కదానికి పోతుంది. అసలు కిటుకు ఇదే. రోజూ ఒకేచోట తోలితే గడ్డి వేరు చచ్చిపోతుంది, గిట్టల కింద నేల గట్టిపడుతుంది, వాన ఇంకక మట్టిని కోసుకుపోతుంది. విరామం దొరికితే వేరు మట్టిని పట్టుకుంటుంది, పేడా మూత్రం ఎరువవుతాయి. గొర్రెలు తిన్న తుమ్మకాయల గింజలు పెంటికల్లో పడి మొలుస్తాయి. చెట్టు నాటేదీ మందేనన్నమాట!

కాంగేయం ఎద్దుకి పేరు తెచ్చిన పళయకోట్టై పట్టక్కారర్లు అందరికీ తెలుసు. ఆ కంచెలు పెంచిన చేతులెవరివో రాసిపెట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు దుక్కికి ట్రాక్టర్లొచ్చాయి, ఎద్దులు తగ్గాయి. కంచె కొట్టేసి ప్లాట్లేస్తున్నారు.